పిల్లిని ఇచ్చేసే ముందు పడకగది తలుపు వేసి చూడండి

నాలుగేళ్లుగా పెంచుకుంటున్న పిల్లి, ఆరు నెలలుగా ఆగని తుమ్ములు, రాత్రిళ్లు దగ్గు, "పిల్లి అలర్జీ, ఎవరికైనా ఇచ్చేయండి" అన్న డాక్టర్. మీరు రాసింది చదువుతుంటే మూడేళ్ల కిందటి మా ఇల్లు కళ్ల ముందు మెదిలింది.

మాదీ నాటు పిల్లే. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వానకి తడిసి, కారు టైరు మీద ముడుచుకుని కూర్చుంటే మా అమ్మాయి పైకి తెచ్చింది. నుదుటి మీద నల్ల మచ్చ ఉందని చుక్క అని పేరు పెట్టాం. రెండేళ్లు ఏ ఇబ్బందీ లేదు. మూడో ఏడు చలికాలంలో మొదలైంది. పొద్దున లేవగానే వరసగా పది పదిహేను తుమ్ములు, ముక్కు దిబ్బడ. చుక్క మోచేతి మీద నాకితే అక్కడ దద్దుర్లు లేచేవి. ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడెలా వస్తుందని మీరడిగారు. అలర్జీ తీరే అంత. ఒకదానితో ఏళ్ల తరబడి కలిసి బతికాక కూడా అది ఒంటికి పడకుండా పోవచ్చు.

మీకు ఏది పడటం లేదో తేల్చే స్కిన్ ప్రిక్ టెస్ట్ ముందు చేయించుకోండి. ముంజేతి మీద పెన్నుతో అంకెలు వేసి, ఒక్కో అంకె పక్కన అలర్జీ తెప్పించే ఒక్కో పదార్థం ద్రవాన్ని ఒక బొట్టు పెట్టి, సన్న సూదితో గిచ్చి, పావుగంట ఆగి చూస్తారు. నాకు పిల్లి దగ్గర దోమ కుట్టినంత ఉబ్బింది. కానీ పరుపుల్లో, దుప్పట్లలో కంటికి కనపడకుండా ఉండే దుమ్ము పురుగుల (డస్ట్ మైట్స్) దగ్గర అంతకు రెట్టింపు లేచింది. నేరం మొత్తం చుక్క మీద వేసి దాన్ని పంపించేసి ఉంటే నా తుమ్ములు నాతోనే ఉండేవి. ఒక్క జాగ్రత్త, టెస్ట్‌కి ఎన్ని రోజుల ముందు అలర్జీ మాత్రలు ఆపాలో ముందే అడగండి. నేను ముందు రోజు సెట్రిజిన్ వేసుకుని వెళితే వెనక్కి పంపేశారు.

మా అత్తగారు "వెంట్రుకలతోనే కదా బాధ, గొరిగించేయండి" అనేవారు. అసలు బాధ వెంట్రుకతో కాదు. పిల్లి లాలాజలంలోనూ చర్మంలోనూ ఫెల్ డి 1 అనే ప్రొటీన్ ఉంటుంది. పిల్లి ఒళ్లు నాక్కున్నప్పుడల్లా ఆ ప్రొటీన్ బొచ్చుకి అంటుకుని, ఎండి, కంటికి కనపడని పొడిలా గంటల తరబడి గాలిలో తేలుతుంది. అందుకే గొరిగినా, వేరే జాతి పిల్లిని తెచ్చుకున్నా లాభం లేదు. స్నానం చేయించినా కొద్ది రోజులకే మళ్లీ మామూలే. మా చుక్క నీళ్లంటేనే వణికిపోయేది, రెండుసార్లు చూసి మానేశాం.

మాకు నిజంగా పనిచేసింది పడకగది తలుపు. పగలూ రాత్రీ ఆ గదిలోకి పిల్లి రాకూడదు. చెప్పినంత తేలిక కాదండి. మొదటి నాలుగు రాత్రులు తలుపు కింది సందులోంచి పంజా లోపలికి పెట్టి గీరుతూ అరిచింది. ఇవతల మంచం మీద నేను, నా పక్కన ఏడుస్తూ మా అమ్మాయి. తర్వాత హాల్లో సోఫా మూల నా పాత కాటన్ చీర మడిచి వేశాం. పడుకోబోయే ముందు పావుగంట తాడుతో ఆడించి, తిండి అప్పుడు పెట్టడం మొదలుపెట్టాం. ఐదో రాత్రి చీర మీదే పడుకుంది.

ఆ గదిలో కర్టెన్లు తీసేశాం, పరుపుకి అలర్జీ కవర్ తొడిగాం, దుప్పట్లు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతుకుతున్నాం. చీపురు దుమ్ము లేపుతుందని తడిగుడ్డే పెడుతున్నాం. సన్నటి పొడిని కూడా పట్టే హెపా ఫిల్టర్ ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్ కొన్నాం కానీ తలుపు వేసినంత తేడా దానితో కనపడలేదు. పిల్లిని దువ్వడం మా వారి పని, అదీ బాల్కనీలోనే. పాత పొడి ఇంట్లోంచి పోవడానికి నెలలు పడుతుంది కాబట్టి వారానికే నిరుత్సాహపడకండి.

ముక్కు స్ప్రే గురించి కూడా చెప్పాలి. స్టెరాయిడ్ స్ప్రే మాత్రలా వెంటనే పనిచేయదు, రోజూ వాడితే పూర్తి గుణం తెలియడానికి వారం రెండు వారాలు పడుతుంది. నేను మూడు రోజులకే ఆపేసి మందు మంచిది కాదనుకున్నాను. ముక్కు మధ్య గోడకి కాకుండా బయటి వైపుకి తిప్పి కొట్టాలని ఒక నర్సమ్మ పట్టి చూపించాక ముక్కులోంచి వచ్చే రక్తం చారలు ఆగాయి. సెట్రిజిన్‌తో ఆఫీసులో కునుకు వస్తోందంటే డాక్టర్ అంతగా మత్తు రాని ఫెక్సోఫెనడిన్ మాత్రకి మార్చారు. అలర్జీ ఇంజెక్షన్ల కోర్సు మూడు నుంచి ఐదేళ్లు పడుతుందన్నారు, నాకు అంత అవసరం రాలేదు.

మీరు రాసిన దాంట్లో నాకు టెన్షన్ పెట్టింది ఒక్క మాటే, రాత్రిళ్లు దగ్గు. దగ్గుతో పాటు ఛాతీ పట్టేసినట్టున్నా, ఊపిరి తీస్తుంటే ఈలలా పిల్లికూతలు వినిపించినా ముక్కు డాక్టర్‌తో సరిపెట్టకండి. ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గర, గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల పనితీరు చూసే స్పైరోమెట్రీ చేయించుకోండి. ఆస్తమా అని తేలి, ఇన్‌హేలర్ వాడుతున్నా అదుపులోకి రాకపోతే పిల్లిని వేరే ఇంట్లో ఉంచడమే సరైన పని, అప్పుడు పట్టుదలకి పోవద్దు. అలాంటి రోజు వస్తే చుక్కని తీసుకుంటావా అని మా చెల్లిని ముందే అడిగి ఉంచాను. మీరూ అడిగి పెట్టుకోండి. ఇంట్లో పెరిగిన పిల్లిని మాత్రం సెల్లార్‌లో వదలకండి, వీధి కుక్కల మధ్య అది బతకలేదు.