ఆగడం గురించి రాయి, తమ్ముడూ

తమ్ముడూ,

కణితిలోకి బ్యాక్టీరియాను పంపి అక్కడే మందు తయారు చేయించే ప్రయోగాల మీద నువ్వు రాసిన చిత్తుప్రతి చదివాను. విషయం మంచిది, నీ భాష తేటగా ఉంది. కానీ మొదటి పేజీ నిండా యుద్ధమే. సైన్యం కదిలింది, కోట కూలింది, శత్రువు హతమయ్యాడు. క్యాన్సర్ కణాన్ని చంపడం ఈ కథలో తేలికైన భాగమయ్యా. గాజుపాత్రలో దాన్ని చంపే పదార్థాలు ఎన్నో ఉన్నాయి. బతికున్న క్రిమిని మనిషి ఒంట్లోకి వదిలి, ఎక్కడ పనిచేయాలో ఎప్పుడు ఆగాలో దాని జన్యువుల్లోనే ముందుగా రాసిపెట్టడం, అదీ కష్టం. ఆ సంగతికి నీ వ్యాసంలో దక్కింది చివర్లో ఒకే ఒక్క వాక్యం. దాన్ని ముందుకు తీసుకురా, మిగతాదంతా దాని చుట్టూ సర్దుకుంటుంది.

విలియం కోలీకి నువ్వు 'ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తితోనే చేసే వైద్యం) పితామహుడు' అని దండవేసి దాటిపోయావు. ఆయన ఏం చేశాడో చెప్పు. న్యూయార్క్‌లో సర్జన్. చర్మానికి సోకే ఎరిసిపెలస్ అనే ఇన్ఫెక్షన్ తర్వాత ఒక రోగి మెడ మీది సార్కోమా అనే క్యాన్సర్ కణితి కరిగిపోయిందని పాత ఆసుపత్రి రికార్డుల్లో చూశాడు. 1891లో తానే, ఆ ఇన్ఫెక్షన్ తెచ్చే స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియాను బతికుండగానే ఒక రోగి కణితిలోకి ఎక్కించాడు. ఇన్ఫెక్షన్ తీవ్రంగా పట్టుకుంది, జ్వరం ముంచుకొచ్చింది, కణితి కరిగింది, ఆ మనిషి మరికొన్నేళ్లు బతికాడు. తర్వాత ప్రయత్నించిన కొందరికి ఇన్ఫెక్షనే అంటలేదు. ఇద్దరు ఆ ఇన్ఫెక్షన్‌తోనే చనిపోయారు. దాంతో కోలీ బతికున్న క్రిములను మానేసి, వేడితో చంపిన రెండు రకాల బ్యాక్టీరియా మిశ్రమానికి మారాడు. యాంటీబయాటిక్స్ రావడానికి ఇంకా దశాబ్దాలుంది. మొదలుపెట్టడం ఆయన చేతిలో ఉంది, ఆపడం లేదు. నీ వ్యాసానికి మొదటి పేరా ఇదే.

బీసీజీని నువ్వు అసలు ప్రస్తావించలేదు. పెద్ద లోటు. క్షయ టీకాగా అందరికీ తెలిసిన ఈ బ్యాక్టీరియాను మూత్రాశయ క్యాన్సర్ రోగులకు నేరుగా మూత్రాశయంలోకి ఎక్కించి మొరాలెస్ బృందం 1976లో ఫలితాలు ప్రచురించింది. 1990లో అమెరికా అనుమతించింది. కండరంలోకి దిగని తొలిదశ మూత్రాశయ క్యాన్సర్‌కు ఇప్పటికీ వాడుతున్నారు. జన్యువులు కత్తిరించే పనిముట్లు లేని రోజుల్లో కాల్మెట్, గెరాన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు 13 ఏళ్లపాటు 230 సార్లు కొత్త పాత్రలోకి మార్చి మార్చి పెంచి ఆ క్రిమి కోర తీశారు. 'బతికున్న బ్యాక్టీరియాతో క్యాన్సర్ వైద్యమా!' అని ఉలిక్కిపడే పాఠకుడికి ఈ ఒక్క పేరా చాలు, తర్వాత చెప్పేది నమ్ముతాడు.

ఇక బ్యాక్టీరియా కణితినే ఎందుకు వెతుక్కుంటుంది? 'తెలివిగా గుర్తుపడుతుంది' అని రాశావు. గుర్తుపట్టదు. రక్తంలోకి వెళ్లింది అన్ని అవయవాలకూ చేరుతుంది. కాలేయంలో, ప్లీహంలో రోగనిరోధక కణాలు దాన్ని ఏరేస్తాయి. కణితి లోపల పరిస్థితి వేరు. అక్కడి రక్తనాళాలు వంకరటింకరగా, అరకొరగా పెరుగుతాయి, మధ్యభాగానికి ఆక్సిజన్ అందదు, చచ్చిన కణాల నుంచి పోషకాలు ఊరుతుంటాయి, రోగనిరోధక కణాలను కణితే అణచిపెట్టి ఉంటుంది. చిక్కుకున్న నాలుగు క్రిములు అక్కడ బతికి పిల్లలు పెడతాయి. ఇంకో మాట కూడా చేర్చు: రేడియేషన్ బాగా పనిచేయాలంటే ఆక్సిజన్ కావాలి, కీమోథెరపీ మందు రక్తనాళాల వెంట చేరాలి. రెండూ తడబడే చోటే ఈ క్రిములకు అనువైన చోటు. దీని మీద ఒక పేజీ ఖర్చుపెట్టినా నేను కాదనను.

దీనికి మరో వైపు కూడా ఉంది. ఆక్సిజన్ సోకితే మొలకెత్తని క్లోస్ట్రిడియం నోవ్యీ అనే బ్యాక్టీరియా బీజాంశాల (గట్టి పెంకులో నిద్రపోయే రూపాల) నుంచి ప్రధాన విషపు జన్యువు తీసేసి, అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ శాస్త్రవేత్తలు కణితుల్లోకి ఎక్కించారు. సహజంగా క్యాన్సర్ వచ్చిన 16 కుక్కల్లో 6 స్పందించాయని, మూడింటిలో కణితి పూర్తిగా పోయిందని 2014లో ప్రచురించారు. అయితే ఈ క్రిమి నడిబొడ్డును తింటుంది కానీ, ఆక్సిజన్ అందే అంచును ముట్టుకోదు. ఆ అంచు నుంచి క్యాన్సర్ మళ్లీ పెరగొచ్చు. ఎక్కడ ఆగాలో తెలిసిన క్రిమి ఒక్కోసారి ముందే ఆగిపోతుందన్నమాట!

ఇప్పుడు గట్టిగా చెప్పాల్సింది. నీ చిత్తుప్రతిలో 'కణితులు తగ్గిపోయాయి' అన్న మాట పదేపదే వస్తుంది. ఎవరి కణితులు? ప్రతి ఫలితం పక్కనా అది ఎలుకా, కుక్కా, మనిషా రాయి. విసుగ్గా ఉన్నా రాయి. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాను ప్రాణాంతకమైన సెప్టిక్ షాక్ (ఇన్ఫెక్షన్‌తో రక్తపోటు పడిపోవడం) తేకుండా మార్చి ఎలుకలకిస్తే కణితులు చక్కగా తగ్గాయి. అదే క్రిమిని ఎక్కువగా మెలనోమా అనే చర్మ క్యాన్సర్ రోగులైన 25 మందికిచ్చిన ఫలితాలు 2002లో వచ్చాయి. క్రిమి కణితిలో నిలదొక్కుకున్నది ముగ్గురిలో. కణితి తగ్గింది ఒక్కరిలోనూ లేదు. క్రిమిని మరీ సాధువుగా మార్చేశారనీ, మనిషి రక్తం దాన్ని త్వరగా తుడిచేసిందనీ, వేగంగా పెరిగే ఎలుక కణితికీ మనిషి కణితికీ పోలిక లేదనీ తర్వాత రకరకాల వివరణలు వచ్చాయి. ఈ ఓటమిని దాచకు. ఆ తర్వాతి పరిశోధన చాలావరకు దీనికి జవాబు వెతకడమే.

2016లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చిన పేపర్ (హేస్టీ, భాటియా, డానినో తదితరులది) అలాంటి ఒక జవాబు. ఇందులో ప్రతి బ్యాక్టీరియా ఒక చిన్న సంకేత అణువును బయటికి వదులుతుంటుంది. గుంపు పెరిగేకొద్దీ ఆ అణువు చిక్కబడుతుంది. ఒక స్థాయి దాటగానే గుంపులో చాలావరకు ఒకేసారి పగిలి, లోపల తయారుచేసుకున్న మందును కుమ్మరిస్తాయి. మిగిలిన కొన్ని మళ్లీ పెరుగుతాయి. సీట్లు నిండేదాకా కదలని బండి లాంటిది. కణితి బయట గుంపు కట్టే అవకాశం ఉండదు కాబట్టి అక్కడ బండి కదలదు. మందు విడుదల, జనాభా అదుపు రెండూ ఆ ఒక్క చావుతోనే జరుగుతాయి. ఎలుకల్లో కీమోథెరపీతో కలిపి ఇచ్చినప్పుడు విడివిడిగా ఇచ్చినదానికన్నా ఎక్కువ కాలం బతికాయి. నయమయ్యాయని ఎవరూ అనలేదు, నువ్వూ అనకు.

మందును అక్కడే ఎందుకు చేయించాలి, సూదితో రక్తంలోకి ఇస్తే పోదా అని పాఠకుడు అడుగుతాడు. డానినో బృందం 2019 ప్రయోగం చూపించు. క్యాన్సర్ కణాలు సీడీ47 అనే ప్రోటీన్‌ను ఒంటి మీద మోస్తూ 'నన్ను తినొద్దు' అని రోగనిరోధక కణాలకు చెబుతాయి. దాన్ని మూసేసే మందును రక్తంలోకి ఎక్కిస్తే, అదే ప్రోటీన్ ఎర్రరక్తకణాల మీదా ఉంటుంది కనుక రక్తహీనత వస్తుంది. అందుకే దాన్ని కణితి లోపలే బ్యాక్టీరియాతో విడుదల చేయించారు. ఎలుకల్లో సూది వేయని కణితి కూడా తగ్గింది, రోగనిరోధక కణాలు మేల్కొన్నాయి కాబట్టి.

నువ్వు అడగని ప్రశ్న ఒకటుంది, నాకు అన్నిటికన్నా ఆసక్తికరమైనది. మందు తయారుచేయడం బ్యాక్టీరియాకు భారం. పొరపాటున ఆ జన్యువు పోగొట్టుకున్న క్రిమి తేలిగ్గా, వేగంగా పెరిగి మిగతావాటిని పక్కకు నెడుతుంది. అరగంటకోసారి రెట్టింపయ్యే జీవికి మారడానికి ఎక్కువకాలం పట్టదు. అందుకే మందు జన్యువును ఊడిపోయే ప్లాస్మిడ్ (క్రోమోజోమ్‌కు బయట విడిగా ఉండే చిన్న డీఎన్ఏ చుట్ట) మీద కాకుండా క్రోమోజోమ్‌లోనే కుట్టేస్తారు, శరీరంలో దొరకని పోషకం లేకుండా బతకలేనట్టు మారుస్తారు, మామూలు యాంటీబయాటిక్‌కు లొంగే రకాన్నే ఎంచుకుంటారు. నువ్వు మాట్లాడే శాస్త్రవేత్తను ఇదే అడుగు: పదితరాల తర్వాత, వందతరాల తర్వాత మీ క్రిమి ఇంకా మీ మాట వింటుందా? జవాబు చెప్పేటప్పుడు గొంతు మారితే అదీ రాసుకో.

కణితుల్లో సహజంగా ఉండే బ్యాక్టీరియా మీది పేరా మాత్రం తీసెయ్. నువ్వు ఆధారపడ్డ 2020 నాటి నేచర్ పేపర్‌ను 2024లో ఉపసంహరించారు. ఆ రంగమంతా తప్పని కాదు, ఆ పేపర్ మీద మాత్రం నిలబడకు.

చివరి పేజీలో కవిత్వం వద్దు. ఇంట్లో క్యాన్సర్ రోగి ఉన్నవాళ్లు ఇది చదువుతారు, 'ఎక్కడ దొరుకుతుంది?' అని అడుగుతారు. ఇలా జన్యువులు మార్చిన బ్యాక్టీరియాకు క్యాన్సర్ చికిత్సగా ఇంకా అనుమతి రాలేదు, మనుషుల మీద పరీక్షల (ట్రయల్స్) దశలోనే ఉన్నాయి అని నేరుగా రాయి. నువ్వు ప్రస్తావించిన ఈ. కోలై బ్యాక్టీరియాలో నిస్లే అనే రకం 1917 నుంచీ తెలిసినది, ప్రోబయోటిక్‌గా (పేగులకు మేలని మింగే బతికున్న క్రిములుగా) అమ్ముతారు కూడా. అందులో ఈ మార్పులేవీ ఉండవనీ, కీమోథెరపీతో తెల్లరక్తకణాలు పడిపోయినవాళ్లు బతికున్న ఏ క్రిమినైనా డాక్టర్‌ను అడగకుండా మింగకూడదనీ అక్కడే, అదే పేరాలో ఉండాలి. ఆ పేరా రాశాక మళ్లీ పంపు, చూస్తాను.