రాజీనామా కాగితం రాసేముందు

అమ్మా,

టీచరు ఉద్యోగం మానేస్తానని నువ్వు ఫోన్‌లో అన్నప్పుడు వద్దనలేదు, ఇప్పుడూ అనను. నిన్ను విసిగిస్తున్నది ఏదో తేల్చుకుని మానెయ్, అంతే. కర్నూలు జిల్లా కోసిగి వైపు బళ్లలో చేరి వెళ్లిపోయినవాళ్లను చాలామందిని చూశాను, పిల్లల వల్ల విసిగి మానేసిన టీచరు ఒక్కరూ నాకు తగల్లేదు.

పొద్దున్నే ఫోన్‌కు మొహం చూపించి హాజరు వేసుకోవాలి, సిగ్నల్ లేకపోతే గేటు దగ్గరే టెన్షన్, తర్వాత గుడ్ల లెక్క, చిక్కీల లెక్క. నువ్వొక్కదానివే ఉన్న బడిలో ఇవన్నీ ఎక్కించేసరికి ఐదు తరగతులూ గాలికి పోతాయి, అది నీ చేతకానితనం అనుకుని కుమిలిపోతున్నావు. 2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్‌లో జనాభా లెక్కలు, విపత్తు సాయం, ఎన్నికలు తప్ప చదువుతో సంబంధంలేని పనులకు టీచర్లను పెట్టకూడదని ఉంది. అది పట్టుకుని కొట్లాడమనను (కొట్లాడితే ఏమవుతుందో నాకూ తెలుసు), తప్పు నీది కాదని తెలుసుకుంటే చాలు.

అసలు దెబ్బ సుగ్గి, అంటే కూలి వలస. దీపావళి దాటాక జనం గుంటూరు వైపు పత్తికి, మిరపకోతలకు పోతూ పిల్లల్నీ బండెక్కిస్తారు, ఆ పిల్లలు ఏ ఉగాదికో తిరిగొచ్చాక చదవలేకపోతే మీటింగులో నిన్ను నిలబెట్టి అడుగుతారు. అందుకే దసరా సెలవులు అవ్వగానే ఇల్లిల్లూ తిరుగు. అవ్వాతాతలు ఊళ్లో ఉండే ఇళ్లలో పిల్లల్ని వదిలిపొమ్మంటే కొందరైనా వింటారు. మిగతావాళ్ల కోసం వలస నెలల్లో పిల్లలు ఉండే సీజనల్ హాస్టల్ కావాలని ముందే మండల విద్యాధికారికి (ఎంఈఓకు) రాసివ్వు, ముద్ర వేయించుకుని ఒక కాపీ దగ్గర పెట్టుకో. ఎవరు ఏ తారీఖున పోయారో, ఎప్పుడొచ్చారో రాసి పెట్టు. మీటింగులో నోటిమాట ఎవరూ వినరు, కాగితం అయితే చూస్తారు.

కర్నూలు నుంచి రోజూ తిరిగే పని మాత్రం మానుకో, సగం నీరసం ఆ బస్సులదే. ఆదోనిలో ఇంకో టీచరమ్మతో కలిసి గది తీసుకుంటే సాయంత్రం మాట్లాడుకోవడానికి మనిషైనా ఉంటుంది.

ఇంతా చేసి కూడా పోవాలనే ఉంటే మార్చి, ఏప్రిల్‌లలో రాజీనామా చెయ్యకు, ఆ నెలల్లో ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. రాజీనామా ఆమోదిస్తే ఇప్పటిదాకా చేసిన సర్వీసు పోతుంది. జీతం లేని సెలవు పెట్టుకుంటే ప్రొబేషన్ అంతకాలం వెనక్కి జరుగుతుంది కానీ ఉద్యోగం ఉంటుంది. మీ అన్న చెప్పే బ్యాంకు పరీక్షలు రాస్తే రాయి, అనుమతి పత్రం తీసుకునే రాయి. సెలవు కాగితం ఆఫీసులో ఇచ్చేముందు నాకు వాట్సాప్‌లో పంపు, తారీఖులు సరిచూసి చెబుతాను.

మీ పాత హెడ్మాస్టరు