ప్యాకెట్ రేడియోలో టీసీపీ/ఐపీ: పింగ్ వస్తున్నా టెల్నెట్ ఎందుకు ఆగిపోతోంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. రెండు ఇళ్లలో రెండు రాస్ప్‌బెర్రీ పైలు (చిన్న కంప్యూటర్లు), వాటికి రెండు మీటర్ల బ్యాండ్ హ్యాండీలు (చేతి రేడియోలు), మధ్యలో డేటాను శబ్దంగా, శబ్దాన్ని డేటాగా మార్చే డైర్‌వుల్ఫ్ సాఫ్ట్‌వేర్. హ్యామ్‌లు, అంటే అమెచ్యూర్ రేడియోవాళ్లు, తమ స్థానం, చిన్న సందేశాలు పంపుకునే ఏపీఆర్ఎస్ ప్యాకెట్లు బాగానే డీకోడ్ అవుతున్నాయి. డైర్‌వుల్ఫ్‌ను లైనక్స్‌కు కలిపే కిస్‌అటాచ్ కమాండ్ ఇస్తే ఏఎక్స్0 అనే నెట్‌వర్క్ పోర్టు వచ్చింది. అవతలి కంప్యూటర్ పలుకుతోందా అని చూసే పింగ్ కొడితే మొదటి జవాబు మూడు సెకన్లకు, తర్వాతవి ఆరుకీ పదికీ, ఆ పైన అసలు రావడం లేదు. అవతలి కంప్యూటర్‌లోకి వెళ్లడానికి వాడే టెల్నెట్, లాగిన్ దాకా కూడా పోవడం లేదు. ఐపీ సెట్టింగుల్లో ఏం తప్పిందని అడిగారు.

అక్కడ ఏమీ తప్పలేదండీ. ఒక్క పింగ్‌కి జవాబు వచ్చిందంటే అడ్రసులు, రూట్, ఆర్ప్ (ఏ ఐపీ అడ్రసు ఏ స్టేషన్‌దో అడిగి తెలుసుకునే పద్ధతి) అన్నీ కుదిరినట్టే. మీ ఇబ్బంది అంతా టైము దగ్గరే. విశాఖలో మేం ముగ్గురం మిత్రులం ఇలాంటి లింకే నడుపుతున్నాం కాబట్టి ఈ లక్షణాలు చూడగానే పోల్చుకున్నాను.

ముందు లెక్క చూడండి. మామూలు పింగ్ అంటే 84 బైట్ల ఐపీ ప్యాకెట్. ప్యాకెట్ రేడియో ప్రోటోకాల్ అయిన ఏఎక్స్.25 హెడర్, చెక్‌సమ్ కలిపితే 102 బైట్లు, అంటే 816 బిట్లు. 1200 బాడ్‌లో, అంటే సెకనుకు 1200 బిట్ల వేగంలో, దానికే దాదాపు 0.7 సెకను పడుతుంది. పీటీటీ (పంపే బటన్) నొక్కాక రేడియో నిలదొక్కుకోవడానికి ఇచ్చే టీఎక్స్‌డిలే 0.3 సెకను. చివర్లో ప్యాకెట్ అయ్యాక కూడా పీటీటీ నొక్కి ఉంచే టెయిల్ మరి కాస్త. అవతలి నుంచి జవాబుకీ ఇంతే, పైగా ఛానల్ ఖాళీగా ఉందో లేదో చూసుకుంటూ ఆగే సమయం అదనం. అన్నీ కలిపితే రెండున్నర నుంచి మూడు సెకన్లు. మీకు వచ్చిన మొదటి జవాబు సరిగ్గా ఆ లెక్కే! కానీ పింగ్ కమాండ్ మాత్రం సెకనుకొకటి చొప్పున పంపుతూనే ఉంటుంది. ఒకటి పోయి వచ్చేలోపు ఇంకో రెండు క్యూలో చేరతాయి. క్యూ పెరిగేకొద్దీ జవాబు ఆలస్యం అవుతుంది, చివరికి రెండు స్టేషన్లూ ఒకేసారి పీటీటీ నొక్కి రెండు ప్యాకెట్లూ పోతాయి. పింగ్‌కి ఐ ఆప్షన్ ఇచ్చి పది సెకన్లకొకటి పంపి చూడండి. టైము మూడు సెకన్ల దగ్గర నిలకడగా ఉంటే మీ రేడియో లింకు బాగున్నట్టు.

నిలకడగా లేకపోతే టీసీపీ జోలికి ఇంకా వెళ్లొద్దు, రేడియో దగ్గరే ఆగండి. హ్యాండీల్లో బ్యాటరీ సేవ్ అని ఒక మెనూ ఉంటుంది, అది కచ్చితంగా ఆఫ్ చేయాలి. అది ఆన్‌లో ఉంటే రిసీవర్ కునుకు తీస్తూ మధ్యమధ్యలో మాత్రమే లేస్తుంది, ప్యాకెట్ మొదటి భాగం దానికి వినపడదు. మాటలకు ఈ తేడా తెలియదు, డేటాకు తెలుస్తుంది. వాక్స్ (శబ్దం వినపడగానే రేడియో తనంతట తనే పంపడం మొదలుపెట్టే ఏర్పాటు) మీద పీటీటీ నడుపుతుంటే మానేసి, పై మీది జీపీఐఓ పిన్నుతోనో యూఎస్‌బీ సౌండ్‌కార్డు చిప్‌లో ఉండే పిన్నుతోనో నొక్కించండి. వాక్స్ ఆలస్యంగా పట్టుకుంటుంది, ఆలస్యంగా వదులుతుంది. మీరు పంపడం అయిపోయినా రేడియో ఇంకా నొక్కే ఉంటే, అవతలివాళ్ల జవాబు మొదలు మీకు వినపడదు. స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు రేడియో శబ్దాన్ని ఆపేసే ఏర్పాటు) తెరిచే ఉంచండి, శబ్దంలోంచి ప్యాకెట్‌ను ఏరుకోవడం డైర్‌వుల్ఫ్ చూసుకుంటుంది. డైర్‌వుల్ఫ్ తెర మీద ఆడియో లెవెల్ 50 దరిదాపుల్లో కనిపించేలా వాల్యూమ్ పెట్టండి. ఏపీఆర్ఎస్ డీకోడ్ అవుతోంది కదా అని ధీమా పడకండి. వినడం ఒకటే పరీక్షిస్తుంది అది. మీరు పంపేది అవతల ఎలా వినపడుతోందో అవతలి డైర్‌వుల్ఫ్ తెర చూసి చెప్పాల్సిందే.

డైర్‌వుల్ఫ్‌ను కిస్‌అటాచ్‌తో వాడేవాళ్లు తరచూ వదిలేసే కమాండ్ ఒకటుంది. లైనక్స్ కెర్నల్‌లోని ఎంకిస్ డ్రైవర్, అవతల ఉన్న టీఎన్‌సీకి (రేడియో మోడెమ్, ఇక్కడ డైర్‌వుల్ఫే) చెక్‌సమ్ ఉన్న కిస్ (కంప్యూటర్‌కూ టీఎన్‌సీకీ మధ్య ప్యాకెట్లు అందించే పద్ధతి) తెలుసేమోనని మొదట్లో ఆ పద్ధతిలో పంపి చూస్తుంది. డైర్‌వుల్ఫ్‌కి అది అర్థం కాదు, తెలియని కిస్ కమాండ్ వచ్చిందని తెర మీద రాసి ఆ ప్యాకెట్లను వదిలేస్తుంది. కిస్‌అటాచ్ అవగానే కిస్‌పార్మ్స్ కమాండ్‌కి సీ ఆప్షన్‌లో 1 ఇస్తే ఈ వెతుకులాట ఆగి మామూలు కిస్ నడుస్తుంది. నేను దీన్ని స్టార్టప్ స్క్రిప్టులోనే పెట్టాను.

ఇక ఎవరూ అనుమానించని సంగతి. మీ పైలో అవాహి అనే సర్వీసు నడుస్తూ ఉంటుంది, ఇంట్లో ప్రింటర్లూ టీవీలూ ఎక్కడున్నాయని నెట్‌వర్క్‌లో అరవడం దాని పని. ఏఎక్స్0 కనిపించగానే అక్కడా అరుస్తుంది. వైఫైలో అది లెక్కలోకి రాదు, 1200 బాడ్ ఛానల్‌లో మాత్రం ఒక్కో అరుపూ ఒకటి రెండు సెకన్లు తినేస్తుంది. పైగా మీ లైసెన్సు మీద, మీ కాల్‌సైన్‌తో (మీ స్టేషన్ గుర్తింపు పేరు) అనవసరమైన చెత్త గాల్లోకి పోతోంది. పోయే వచ్చే ప్యాకెట్లను చూపించే యాక్స్‌లిజన్ నడిపి చూడండి, 224.0.0.251 అడ్రసుకు ప్యాకెట్లు పోతుంటే అదే. అవాహి కాన్ఫిగ్ ఫైలులో ఏఎక్స్0ను నిషేధించండి, నెట్‌వర్క్‌లో ఐపీ అడ్రసు అడిగే డీహెచ్‌సీపీ క్లయింటుకూ అలాగే చెప్పండి. అవతలి స్టేషన్‌కి స్టాటిక్ ఆర్ప్ ఎంట్రీ కూడా పెట్టేస్తే ఎవరెక్కడ అని అడిగే ప్యాకెట్లూ తగ్గుతాయి.

ఇప్పుడు టెల్నెట్ సంగతి. 1 సెకనులో జవాబు రాకపోతే లైనక్స్ టీసీపీ మొదటి ప్యాకెట్‌ను మళ్లీ పంపేస్తుంది. మీ లింకులో జవాబు రావడానికే మూడు సెకన్లు. అంటే పోని ప్యాకెట్‌ను పోయిందనుకుని రెండోసారి, మూడోసారి పంపి తన ఛానల్‌ను తనే మూసేసుకుంటుంది. కనెక్షన్ కుదిరాక ఇంకో కష్టం. 2011 నుంచి లైనక్స్ మొదటి విడతలోనే పది ప్యాకెట్లు వదలొచ్చు. 256 బైట్ల ప్యాకెట్‌కు ఒక్కోదానికి దాదాపు 1.8 సెకన్లు పడుతుంది, పదీ వదిలితే పద్దెనిమిది సెకన్లు ఛానల్ మీదే. ఐపీ రూట్ కమాండుతో ఆ రూటుకు ఇనిట్‌సీవిండ్ (మొదటి విడత ప్యాకెట్ల సంఖ్య) 1 అనీ, ఆర్‌టీఓమిన్ (మళ్లీ పంపేముందు ఆగే కనీస సమయం) 5 సెకన్లు అనీ పెట్టండి. ఎంటీయూ (ఒక్క ప్యాకెట్ గరిష్ఠ సైజు) 256 అలాగే ఉంచండి. తగ్గిస్తే 40 బైట్ల హెడర్ల బరువు పెరుగుతుంది, పెంచితే ఒక్క టిక్కు శబ్దానికి పెద్ద ప్యాకెట్ మొత్తం పోతుంది.

ఈ తిప్పలు ఇప్పుడు పుట్టినవి కావు. డాస్ కంప్యూటర్లలో హ్యామ్‌ల కోసం టీసీపీ/ఐపీ రాసిన ఫిల్ కార్న్, కాల్‌సైన్ కేఏ9క్యూ, ఇదే గాల్లో ఇదే చిక్కు చూశాడు. రెండుసార్లు పంపిన ప్యాకెట్‌కు ఒక జవాబు వస్తే అది మొదటిదానికా రెండోదానికా తెలియదు, కాబట్టి దాన్ని టైము లెక్కలోకి తీసుకోకూడదు, ఆగే సమయం మాత్రం పెంచుతూ పోవాలి. క్రెయిగ్ పార్ట్రిడ్జ్‌తో కలిసి 1987లో ఆయన ప్రచురించిన ఈ పద్ధతిని కార్న్ అల్గారిథమ్ అంటారు. ఇవాళ ప్రపంచమంతా టీసీపీ దాన్ని వాడుతుంది. మన చిన్న అభిరుచి ఇంటర్నెట్‌కు ఇచ్చిన కానుక అది, నాకు చాలా గర్వంగా ఉంటుంది.

అసలు టెల్నెట్టే ఈ లింకుకు సరిపడేది కాదు. ప్రతి అక్షరానికీ ఒక ప్యాకెట్ పంపి, అవతలి నుంచి అదే అక్షరం తిరిగొచ్చేదాకా చూస్తుంది. ఒక బైటు కోసం అరవై బైట్లు పోతాయి. లైన్ మోడ్‌లో పెట్టండి, లేదా నెట్‌క్యాట్ వాడి వాక్యం మొత్తం రాసి ఎంటర్ కొట్టండి. బొమ్మలు లేని చిన్న టెక్స్ట్ పేజీ హెచ్‌టీటీపీలో హాయిగా వస్తుంది. ఎస్ఎస్‌హెచ్, హెచ్‌టీటీపీఎస్ మాత్రం వద్దు, అవి అన్నీ రహస్య సంకేతాల్లోకి మార్చి పంపుతాయి. అర్థం దాచే సంకేతాలతో సందేశాలు పంపడం అమెచ్యూర్ రేడియోలో నిషిద్ధం. ఇంటి ఇంటర్నెట్‌ను ఏఎక్స్0కు కలిపే ఆలోచన కూడా, లైసెన్సు షరతులు పూర్తిగా చదివేదాకా పక్కన పెట్టండి.

మూడో స్టేషన్ వస్తే కొత్త సమస్య మొదలవుతుంది. నాది ఎంవీపీ కాలనీ, ఒక మిత్రుడిది గాజువాక, ఇంకొకరిది భీమిలి. నాకు ఇద్దరూ వినపడతారు, మధ్యలో కొండల వల్ల వాళ్లకు ఒకరి మాట ఒకరికి వినపడదు. ఛానల్ ఖాళీ అనుకుని ఇద్దరూ ఒకేసారి పంపితే నా దగ్గర రెండూ పోతాయి. దీనికి పెర్సిస్టెన్స్ విలువ తగ్గించడం కొంత మందు. 63 అంటే ఛానల్ ఖాళీ దొరికినప్పుడు నాలుగింట ఒక వంతు అవకాశంతో పంపుతుంది, మేం 31 పెట్టాం. వేగం తగ్గింది, పోయే ప్యాకెట్లు ఇంకా ఎక్కువ తగ్గాయి. మీకు రెండే స్టేషన్లు కాబట్టి 63 చాలు.

అడ్రసుల గురించి చివర్లో అడిగారు. 1981లో హ్యాంక్ మాగ్నస్కీ హ్యామ్‌ల కోసం 44తో మొదలయ్యే అడ్రసులన్నీ తీసుకున్నాడు. 2019లో అందులో నాలుగో వంతు అమెజాన్‌కు అమ్మేశారు, మిగిలినవి మనవే. కాల్‌సైన్ చూపించి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇద్దరి మధ్య ప్రయోగానికైతే 10తో మొదలయ్యే ప్రైవేటు అడ్రసులు చాలు, అందుకోసం ఆగక్కర్లేదు.

ఇంత పట్టుబట్టి రాయడానికి ఒక కారణం ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా ఊళ్లో సెల్ ఫోన్లు మూగబోయాయి. టవర్ లేకుండా, ఒక బ్యాటరీ మీద ఊరి ఈ చివర నుంచి ఆ చివరకు రాతపూర్వకంగా సందేశం పంపగలిగే లింకు ఎంత నెమ్మదిదైనా నాకు విలువైనదే.

ముందు పింగ్ పది సెకన్లకొకటి, తర్వాత కిస్‌పార్మ్స్, ఆ తర్వాత అవాహి, ఆఖర్న రూట్ సెట్టింగులు. ఈ వరసలోనే వెళ్లండి, ఒక్కో మార్పు తర్వాత పరీక్షించండి. అప్పటికీ కుదరకపోతే రెండు వైపులా ఒకే సమయంలో తీసిన యాక్స్‌లిజన్ అవుట్‌పుట్ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను. 73 (హ్యామ్‌ల భాషలో శుభాకాంక్షలు).