పద్యంలో దాగిన చదరంగపు లెక్క

ప్రశ్న: చదరంగపు మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టిస్తూ పోతే 64 గళ్లకు మొత్తం ఎన్ని గింజలవుతాయో ‘శర శశి షట్చంద్ర’ అని మొదలయ్యే పద్యంలో ఉందని మా తాతగారు చెప్పేవారు. నిజమేనా? ఆ సంఖ్య కారణాంకాలను చేత్తో కనుక్కోగలమా? కాలిక్యులేటర్ చివరి అంకెలను చూపడం లేదు.
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: తాతగారి మాట అక్షరాలా నిజం. ఆ పద్యంలో ఒక్కొక్క మాట ఒక్కొక్క అంకెకు గుర్తు: శరాలు అయిదు, శశి ఒకటి, షట్ అంటే ఆరు, చంద్రుడు ఒకటి, మళ్లీ శరాలు అయిదు. అంకెలను కుడి నుంచి ఎడమకు పేర్చాలన్నది ఈ పద్ధతిలో నియమం కనుక సంఖ్య చివర 51615 వస్తుంది. ‘వియన్నగాగ్ని’ దగ్గర మాత్రం జాగ్రత్తగా సంధి విడదీయాలి: వియత్తు సున్న, నగాలు ఏడు, అగ్నులు మూడు. ‘కుంజర తుహినాంశు’ దాకా వెళ్తే ఎనిమిది, ఒకటి వచ్చి 1,84,46,74,40,73,70,95,51,615 పూర్తవుతుంది. ఇది 2⁶⁴ − 1. ఇరవై అంకెల్లో ఒక్కటీ తప్పకుండా ఛందస్సులో ఇమిడిన ఈ పద్యాన్ని పిల్లల చేత కంఠస్థం చేయించాలని నా కోరిక.

ఇక కారణాంకాలు. చివర 5 ఉంది కనుక 5తోనూ, అంకెల మొత్తం 87 కనుక 3తోనూ ఇది భాగింపబడుతుందని చూడగానే చెప్పవచ్చు. అయితే ఒక్కొక్క సంఖ్యతో భాగిస్తూ కూర్చోనక్కరలేదు. రెండు వర్గాల భేదం సూత్రాన్ని పదేపదే వాడితే 2⁶⁴ − 1 అనేది 3 × 5 × 17 × 257 × 65,537 × 4,29,49,67,297 అని విడిపోతుంది. వీటిలో మొదటి అయిదూ ప్రధాన సంఖ్యలే. చివరిదైన 2³² + 1 కూడా ప్రధాన సంఖ్యేనని గణితవేత్త ఫెర్మా నమ్మాడు. అది 641తో భాగింపబడుతుందని 1732లో మరో గణితవేత్త ఆయిలర్ చూపించాడు.

ఈ 641 విషయాన్ని భాగహారం చేయకుండానే సరిచూడవచ్చు. 641 = 5 × 2⁷ + 1; అదే 5⁴ + 2⁴ కూడా. మొదటి రూపాన్ని బట్టి 5 × 2⁷ను 641తో భాగిస్తే శేషం −1, కనుక దాని నాలుగో ఘాతమైన 5⁴ × 2²⁸కు శేషం 1. రెండో రూపాన్ని బట్టి శేషాల లెక్కలో 5⁴కు బదులు −2⁴ వేసుకోవచ్చు; అప్పుడు −2³²కు శేషం 1 అవుతుంది, అంటే 2³² + 1 నిశ్శేషంగా భాగింపబడుతుంది. కాగితం మీద ఒకసారి రాసి చూడండి, ఆ ఆనందం వేరు.

భాగఫలం 67,00,417. దీని ప్రధాన కారణాంకం ఏదైనా 64 గుణిజానికి ఒకటి ఎక్కువగా ఉండి తీరాలని ఆయిలర్ తర్వాత నిరూపించాడు. దీని వర్గమూలం దాదాపు 2,588. ఆ లోపు 641 నుంచి అటువంటి ప్రధాన సంఖ్యలు 641, 769, 1153, 1217, 1409, 1601, 2113 మాత్రమే. 641 కన్నా చిన్నవైన 193, 257, 449, 577 అనే నాలుగింటినీ కలుపుకొన్నా పదకొండు భాగహారాలు, ఒక సాయంకాలపు పని. ఏదీ సరిగ్గా పోదు, కనుక 67,00,417 ప్రధాన సంఖ్యే. అలా మీ సంఖ్యకు వేర్వేరు ప్రధాన కారణాంకాలు ఏడు, మొత్తం భాజకాలు 2⁷, అంటే 128.