ఎన్నిక చెల్లదని తీర్పు వస్తే ఎమర్జెన్సీ పెట్టొచ్చా?

ప్రశ్న: ఇందిరా గాంధీ ఎన్నిక చెల్లదని అలహాబాద్ హైకోర్టు చెప్పిన పదమూడు రోజులకే ఎమర్జెన్సీ వచ్చింది. రాష్ట్రపతి అంత తేలిగ్గా ఎలా సంతకం పెట్టారు? ఇప్పుడూ కుదురుతుందా? (తెనాలి నుంచి ఓ పాఠకురాలు)

జవాబు: అప్పట్లో రాజ్యాంగం 352వ అధికరణలో ‘అంతర్గత కల్లోలం’ అన్న మాట ఉండేది. ఏ గొడవనైనా అందులో ఇరికించొచ్చు. 1975 జూన్ 12న తీర్పు వచ్చింది. 24న సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ షరతులతో స్టే ఇచ్చారు: ప్రధాని సభకు వెళ్లొచ్చు, ఓటు మాత్రం వేయకూడదు. 25 రాత్రి ప్రధాని పంపిన లేఖ చూసి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ సంతకం చేశారు. మంత్రివర్గం సమావేశమైంది మర్నాడు పొద్దున ఆరింటికి, అదీ జరిగిపోయినదానికి తల ఊపడానికే.

ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది. 1978 నాటి 44వ సవరణ ‘కల్లోలం’ తీసేసి ‘సాయుధ తిరుగుబాటు’ పెట్టింది. మంత్రివర్గ నిర్ణయం రాతపూర్వకంగా అందితే తప్ప రాష్ట్రపతి ప్రకటన చేయకూడదు. సలహాను పునరాలోచించమని ఒకసారి వెనక్కి పంపే వీలూ ఉంది. నెలలోగా ఉభయ సభలూ మూడింట రెండు వంతుల మెజారిటీతో ఆమోదించాలి, ఆపై ఆరు నెలలకోసారి మళ్లీ. లోక్‌సభలో పదో వంతు సభ్యులు, అంటే 543లో 55 మంది, నోటీసిస్తే 14 రోజుల్లో సభ ప్రత్యేకంగా కూడాలి. రద్దు చేయాలని సాధారణ మెజారిటీతో తీర్మానిస్తే చాలు, రాష్ట్రపతి ఎత్తేయాల్సిందే.

అయినా ఒక సందు మిగిలింది. లోక్‌సభ రద్దయి ఉన్నప్పుడు ప్రకటన వస్తే, నెలలోగా రాజ్యసభ ఒక్కటి ఆమోదించినా కొత్త లోక్‌సభ తొలి సమావేశం తర్వాత 30 రోజుల దాకా అది బతుకుతుంది. గడువుకు ముందే సభను రద్దు చేసి ఎన్నికలకు వెళ్తే ఆ వేళ లోక్‌సభ ఉండదు కాబట్టి నాకు ఇదే ఎక్కువ భయం.

ప్రశ్న: ఎమర్జెన్సీ వల్లే ఆమె ఎన్నిక నిలబడిందా?

జవాబు: నేరుగా కాదు. నిలబెట్టింది చట్ట సవరణ. హైకోర్టు తప్పుపట్టినవి రెండు: ప్రభుత్వోద్యోగం నుంచి ఇంకా విడుదల కాని యశ్‌పాల్ కపూర్ సాయం తీసుకోవడం, సభలకు యూపీ అధికారులు వేదికలు కట్టించి కరెంటు ఇవ్వడం. ఈ రెండూ అక్రమాలు కావంటూ ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని వెనకటి తేదీ నుంచి మార్చారు. అప్పటికి ప్రతిపక్ష ఎంపీలు ఎందరో జైల్లో ఉన్నారు. ప్రధాని ఎన్నికను కోర్టులకు అందకుండా చేసిన 329ఎ అధికరణలోని నాలుగో క్లాజును 1975 నవంబర్ 7న సుప్రీంకోర్టు కొట్టేసింది. మారిన చట్టం ప్రకారం మాత్రం ఎన్నిక చెల్లుతుందంది. ఎమర్జెన్సీకి 44వ సవరణ పగ్గాలు వేసింది గానీ, ఇలా వెనక్కి వెళ్లి చట్టం మార్చుకోవడానికి వేయలేదు.

ప్రశ్న: ఎన్నికపై కేసు ఎవరు వేయొచ్చు?

జవాబు: అభ్యర్థే కానక్కర్లేదు, ఆ నియోజకవర్గం ఓటరైనా చాలు. గెలుపు ప్రకటించిన 45 రోజుల్లోగా హైకోర్టులో పిటిషన్ వేసి, అప్పుడే రూ.2,000 డిపాజిట్ కట్టాలి. గడువు దాటినా, డిపాజిట్ కట్టకపోయినా విచారణ లేకుండానే కొట్టేస్తారు. తీర్పుపై సుప్రీంకోర్టుకు 30 రోజుల్లో వెళ్లాలి.