గ్రౌండ్‌కు రంధ్రం కోశావా, బిడ్డా?

ప్రశ్న: నమస్తే సార్. నేను ఈసీఈ ఫైనలియర్. ప్రాజెక్టు కోసం హెచ్‌ఎఫ్‌ఎస్‌ఎస్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో 2.45 గిగాహెర్ట్జ్ చదరపు ప్యాచ్ (బోర్డు మీద పలుచని లోహపు ముక్క) యాంటెన్నా గీశాను. ఎఫ్‌ఆర్4 బోర్డు, మందం 1.6 మి.మీ. రెండు పోలరైజేషన్ల (ఫీల్డు ఊగే దిశల) కోసం కింది నుంచి రెండు కోయాక్స్ కేబుల్ ఫీడ్లు పెట్టాను. ఎస్11 (పోర్టుకు వెనక్కి తిరిగొచ్చే సిగ్నల్) సున్నా డీబీ దగ్గరే గీత గీసినట్టు ఉంది, అంటే పంపిందంతా తిరిగొస్తోంది, ఫీడ్ ఎటు జరిపినా కదలదు. ఫ్రెండ్ మోడల్లో ఎస్11 బాగానే ఉంది కానీ, రెండు పోర్టులూ ఆన్ చేస్తే ఫీల్డు 45 డిగ్రీలు వాలుతోంది. వచ్చే వారమే రివ్యూ, టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని, దేవరకొండ

జవాబు: 'ఎటు జరిపినా కదలదు' అన్నావు చూడు, జబ్బు అక్కడే దొరికింది. ఫీడ్ చోటు తప్పితే ఎస్11 బాగుండదు గానీ, జరుపుతుంటే ఎక్కడో చిన్న గుంటైనా పడుతుంది. అసలు చలనమే లేదంటే కోయాక్స్ లోపలి పిన్ను గ్రౌండ్‌కు, అంటే బోర్డు అడుగునుండే లోహపు పొరకు, తగులుతోందని నా అనుమానం.

మన నల్లగొండ బోర్లు చూశావుగా, కేసింగ్ మధ్యలో మోటారు పైపు దిగుతుంది. కోయాక్స్ కూడా అంతే. బయటి కండక్టరు గ్రౌండ్ దగ్గర ఆగాలి, లోపలి పిన్ను ఒక్కటే గ్రౌండ్ దాటి ప్యాచ్‌ను తాకాలి. అందుకు గ్రౌండ్‌లో, పిన్ను చుట్టూ ఉండే టెఫ్లాన్ ఇన్సులేషన్ అంత వెడల్పు రంధ్రం కోయాలి. కోయకపోతే షార్టే. నేనూ చేశానీ తప్పు. మిర్యాలగూడ అద్దె గదిలో, కరెంటు పోయినప్పుడల్లా మొదటికొస్తూ, మూడు రాత్రులు మెష్‌ను (లెక్క కోసం సాఫ్ట్‌వేర్ మోడల్‌ను ముక్కలు చేసే వలను) తిట్టుకున్నాను. నాలుగో రోజు పొద్దున చాయ్ తాగుతుంటే వెలిగింది.

పిన్నును సబ్‌స్ట్రేట్ (బోర్డు పదార్థం) నుంచి, టెఫ్లాన్ నుంచి సబ్‌ట్రాక్ట్ చేసేటప్పుడు క్లోన్ గడిలో టిక్ పెట్టు. మరిచావో, పిన్నే మాయం.

కొలతల్లో ఇంకో దొంగ తప్పు ఉంది. ఎస్‌ఎంఏ కనెక్టరు పిన్ను వ్యాసం 1.27 మి.మీ., టెఫ్లాన్ వ్యాసం సుమారు 4.1. లెక్కేస్తే ఇంపీడెన్స్ 48 ఓమ్‌ల పైచిలుకు వస్తుంది, కావాల్సిన 50కి దగ్గరే. కానీ సిలిండరు గీసేటప్పుడు అడిగేది వ్యాసార్ధం. టెఫ్లాన్ ఒక్కదానికే 4.1 కొడితే 77 ఓమ్‌లు చూపిస్తుంది, వెంటనే దొరికిపోతావు. రెండింటికీ వ్యాసమే కొడితే నిష్పత్తి మారదు కాబట్టి ఇంపీడెన్స్ సరిగ్గానే కనిపిస్తుంది, పిన్ను మాత్రం రెట్టింపు లావు! ఇది ఎంత చూసినా కంటికి ఆనదు.

వేవ్ పోర్టును (మోడల్లోకి సిగ్నల్ పంపే ముఖాన్ని) కోయాక్స్ అడుగున టెఫ్లాన్ వృత్తం మొత్తం కప్పేలా పెట్టు. ఆ అడుగు గాలి పెట్టె (మోడల్ చుట్టూ గీసే ఎయిర్ బాక్స్) లోపలే ఉంటే పోర్టు వెనక పీఈసీ (నష్టం లేని ఆదర్శ లోహం) మూత తప్పనిసరి.

ఇక 45 డిగ్రీల సంగతి. మీ ఫ్రెండ్ మోడల్లో తప్పేం లేదు. ఒక ఫీడ్ అడ్డంగా, ఇంకోటి నిలువుగా ఫీల్డు ఇస్తాయి. రెండింటికీ ఒకే పవరు, ఒకే ఫేజ్ ఇస్తే కలిసి ఐమూలగా వాలక ఏమవుతుంది? హైదరాబాద్ రోడ్డు పక్కన సెల్ టవర్లకు వేలాడే ప్యానెళ్లలో చాలావాటికి కావాలనే ప్లస్ 45, మైనస్ 45 పెడతారు. నీకు విడివిడి పోలరైజేషన్ చూపించాలి కాబట్టి ఎడిట్ సోర్సెస్‌లో మొదటి పోర్టుకు 1 వాట్, రెండోదానికి సున్నా ఇచ్చి ప్యాటర్న్ తీసుకో. తర్వాత తారుమారు చెయ్యి. రెండింటికీ సమాన పవరే ఉంచి ఒకదాని ఫేజ్ 90 డిగ్రీలు చేస్తే సర్క్యులర్ పోలరైజేషన్ వస్తుంది. రివ్యూలో అదీ చూపించు, ఖర్చేం లేదు.

ఎస్21 (ఒక పోర్టు నుంచి రెండోదాంట్లోకి కారే సిగ్నల్) నువ్వు రాయలేదు, రివ్యూ చేసేవాళ్లు మాత్రం కచ్చితంగా అడుగుతారు. మొదటి ఫీడ్ లేపే ఫీల్డు ప్యాచ్ మధ్య గీత మీద సున్నా. రెండో పిన్ను సరిగ్గా ఆ గీత మీదే ఉండాలి, పక్కకు జరిగినకొద్దీ ఐసొలేషన్ (పోర్టులు ఒకదానికొకటి అంటకుండా ఉండటం) పడిపోతుంది. అందుకని రెండో ఫీడ్‌ను చేత్తో గీయకు. మొదటిదాన్ని, దాని రంధ్రంతో సహా, జెడ్ అక్షం చుట్టూ 90 డిగ్రీలు తిప్పి కాపీ చెయ్యి. అయినా ఐసొలేషన్ చాలకపోతే ఒక్కో పోలరైజేషన్‌కు ఎదురెదురుగా రెండు పిన్నులు పెట్టి 180 డిగ్రీల తేడాతో ఫీడ్ ఇవ్వొచ్చు. వారంలో రివ్యూ పెట్టుకుని ఆ జోలికి మాత్రం పోకు.