మూలలో ఉన్న ఆ చిన్న ఒంపు

అమ్మా సుజాతా,

ఓర్వకల్లులో షెడ్డు తీసుకున్నావని, మిలిటరీ బండ్లకు విడిభాగాలు చేస్తావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన ఇంట్లో లేత్ ముందు నిలబడిన మొదటి ఆడపిల్లవు నువ్వే. ఎంత సంతోషమో, లోపల అంత బెదురు.

రక్షణ శాఖ 2020లో పెట్టిన సృజన్ పోర్టల్‌లో ఇక్కడే చెయ్యమని అడిగే దిగుమతి వస్తువుల జాబితా ఉంటుంది కదా, అందులో నీ మిషన్లకు అందేదే ఎంచుకో. డ్రాయింగు లేకపోతే పాత వస్తువునే నమూనాగా పెట్టుకుని కొత్తది చెయ్యాలి. ఆ నమూనా రాగానే శుభ్రం చేసేముందే ఫోటోలు తియ్యి. ఒక్క నమూనాను నమ్మొద్దు. వాడినవి రెండు, స్టోర్లో వాడకుండా ఉన్నది ఒకటి అడుగు. అరిగిన బుష్‌ను, అంటే షాఫ్టు తిరిగే చిన్న గొట్టాన్ని, కొలిచి చేస్తే అరుగుదలను కూడా కాపీ చేసినట్టే. స్పెక్ట్రో పరీక్షలో ఉక్కులో ఏది ఎంత ఉందో తెలుస్తుంది. హీట్ ట్రీట్‌మెంట్, అంటే ఉక్కును కాల్చి చల్లార్చి గట్టిపరచడం, ఎట్లా చేశారో తెలియదు. హార్డ్‌నెస్, అంటే గట్టిదనం, చూడు, ఒక ముక్క కోసి సూక్ష్మదర్శిని కింద కూడా చూడు.

"ఇప్పుడు స్కానర్లు ఉన్నాయి, మామ కాలం కాదు" అన్నావంట. ఆ మాట విన్నప్పటి నుంచే నాకు టెన్షన్.

1991లో సోవియట్ యూనియన్ విడిపోయాక అక్కడి నుంచి వచ్చిన బండ్లకు స్పేర్లు దొరకడం కష్టమైంది. అప్పుడు నేను హైదరాబాదు బాలానగర్‌లో ఒక చిన్న షెడ్డులో లేత్ మీద పనిచేసే టర్నర్‌ని. ఇరుక్కున్న వాహనాలను లాగే బండిలో ఉక్కు తాడు చుట్టే యంత్రం, అదే విన్చ్, దాని షాఫ్టు ఒకటి వచ్చింది. డ్రాయింగు లేదు. పాత షాఫ్టే డ్రాయింగు. వారం రోజులు కూర్చుని మైక్రోమీటరుతో ప్రతి వ్యాసం కొలిచాను. లావు భాగం సన్న భాగంలోకి దిగే చోట, మూలలో బియ్యపు గింజంత ఒంపు ఉంది. పనివాడు టూలును సరిగ్గా నూరుకోక మిగిల్చాడనుకున్నాను. నా పనితనం చూపించాలని ఆ మూలను కత్తితో కోసినట్టు పదునుగా తీశాను. తనిఖీకి వచ్చినాయన ప్రతి కొలతా చూసి భుజం తట్టాడు.

కొన్ని నెలలకు, బండి లాగుతుండగా సరిగ్గా ఆ మూల దగ్గరే షాఫ్టు తెగింది. ఉక్కు తాడు వదులై కొరడాలాగా వెనక్కి కొట్టింది. ఒక హవల్దారు కాలు విరిగింది. తెగిన ముఖాన్ని చూస్తే కోసిన చెట్టు మొద్దు మీద ఉండే వలయాల్లాగా గీతలు, ఒకదాని పక్కన ఒకటి. పగులు మూల దగ్గర మొదలై, బరువు పడినప్పుడల్లా కొంచెం కొంచెం లోపలికి పోయింది. బలం అంతా ఆ పదును మీదే పడకుండా పంచడానికే మొదట చేసినవాడు ఆ ఒంపు పెట్టాడు. దాన్ని నేను తప్పు అనుకున్నాను. నన్ను ఎవరూ నిలదీయలేదు. అదే నన్ను ఎక్కువ కాల్చింది.

అందుకే చెప్తున్నా తల్లీ, స్కానర్ ఆకారం ఇస్తుంది, కారణం ఇవ్వదు. ప్రతి ఒంపు, ప్రతి రంధ్రం, ప్రతి గరుకు చోటు దగ్గర ఆగి, ఇది ఎందుకుందని కాగితం మీద రాసుకో. తెలియకపోతే ఆ బండి నడిపేవాళ్లను అడుగు, మెకానిక్కును అడుగు. అడగడానికి సిగ్గుపడితే మాత్రం నీ మీద కోప్పడతాను. చిన్నప్పుడు సైకిల్ చైను ఊడదీసి, ఏ పన్ను ఎక్కడ కూర్చుంటుందో చూడందే ఎక్కేదానివి కావు. ఆ పిల్లవే కదా నువ్వు.

2009 అక్టోబరు వరదలో తుంగభద్ర నీళ్లు మా ఇంట్లోకి వచ్చి నా కొలతల పుస్తకాలన్నీ పోయాయి. తెగిన షాఫ్టు ముక్క మాత్రం ఇనుప పెట్టెలో మిగిలింది. ఆదివారం పొద్దున బస్సుకు తెస్తాను. మీ అత్త ఉగ్గాని, బజ్జీలు కట్టిస్తానంటోంది. నీ దగ్గరున్న నమూనా ఏదైనా సరే, బయటికి తీసి బల్ల మీద పెట్టి ఉంచు.

మీ మామ